రెండు పాటలు ఒకేలా వినిపిస్తే: పోలికను తూచే పద్ధతి

ఒక పాట వింటుండగా, పల్లవి పూర్తి కాకముందే మరో పాట నోటికి రావడం సంగీతం వినే వారందరికీ అనుభవమే. ఆ క్షణంలో "ఇది ఫలానా పాటకు కాపీ" అనేయడం తేలిక. ఏది కాపీ అయిందని ఎదుటివారు నిలదీస్తే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. కలిసింది రాగమా, తాళం నడకా, వాద్యాల కూర్పా, గాయకుడి గొంతులోని విరుపా, లేక నిజంగా బాణీయేనా అన్నది విడదీయకుండా చేసే ఆరోపణ నిలవదు. విడదీయకుండా చేసే సమర్థన కూడా అంతే. ఇలా విడదీయడానికి విద్వాంసులు కానక్కర్లేదు. ఒక కీబోర్డు గానీ హార్మోనియం గానీ, ఫోనులో రికార్డరు, గళ్ల కాగితం, రెండు గంటల తీరిక ఉంటే సరిపోతుంది.

పోలిక తట్టగానే రెండో పాటను వెతికి వినకూడదు. ముందుగా, కొత్త పాటలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఆ పోలిక తట్టిందో రాసుకోవాలి. తరువాత పాత పాటలోని ఆ భాగాన్ని జ్ఞాపకం ఉన్నంత మేర కూనిరాగంగా పాడి రికార్డు చేయాలి. అప్పుడే అసలు పాటను వినాలి. ఈ క్రమం ఎందుకంటే, మనసు బాణీని ఉన్నదున్నట్టు దాచుకోదు. గమకాలను, అంటే స్వరం మీది ఊపులను, చదును చేస్తుంది, మధ్యలోని అడ్డదిడ్డమైన స్వరాలను తీసేస్తుంది, పొడవైన విరామాలను కుదిస్తుంది. అందువల్ల జ్ఞాపకంలోని పాట కొత్త పాటకు దగ్గరగా జరిగి ఉండవచ్చు. రెండు పాటల్లో పల్లవి ఎత్తుగడ అక్షరాలా ఒకటేనని నేను ఒకసారి గట్టిగా వాదించి, తీరా స్వరాలు రాసి చూసుకుంటే కలిసినవి నాలుగే స్వరాలు. మిగిలినదంతా రెండింటిలోనూ వినిపించిన వేణువు చేసిన మాయ. మన కూనిరాగానికీ అసలు పాటకూ మధ్య ఉన్న తేడా ఎంతో తెలిస్తే, మన చెవి మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో కూడా తెలుస్తుంది.

రెండు పాటలనూ ఒకే శ్రుతికి, ఒకే వేగానికి తెచ్చుకోవడం తరువాతి పని. శ్రుతి వేరైనంత మాత్రాన బాణీ వేరు కాదు, వేగం ఒకటైనంత మాత్రాన బాణీ ఒకటి కాదు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని మార్చకుండా శ్రుతిని, శ్రుతిని మార్చకుండా వేగాన్ని విడివిడిగా సవరించుకునే వీలుంది. పాత గ్రామఫోన్, టేపు రికార్డింగుల విషయంలో ఒక చిక్కు ఉంది. అవి తిరిగిన వేగం కొద్దిగా మారినా శ్రుతి కూడా దానితోపాటే జరుగుతుంది. ఒక స్వరస్థానానికీ దాని పక్క స్వరస్థానానికీ కంపన సంఖ్యలో తేడా సుమారు 6 శాతమే కాబట్టి, వేగం 3 శాతం తప్పినా పాట హార్మోనియం మెట్లకు సరిగ్గా మధ్యలో పడుతుంది. అలాంటప్పుడు స్వరాలు వెతుక్కుంటూ కుస్తీ పట్టే ముందు రికార్డింగును సరైన శ్రుతికి సవరించుకోవాలి.

ఇప్పుడు పాటకు తొడిగిన వేషాన్ని తీసేయాలి. గొంతు, వాద్యాలు, మోత, ప్రతిధ్వని అన్నీ పక్కన పెట్టి, బాణీని ఒక్కదాన్నే ఏ అలంకారమూ లేకుండా హార్మోనియం మీద వాయించి చూడాలి. వీలైతే పాటలు తెలియని ఒకరికి రెండూ వినిపించి, పోలిక ఉందా అని అడగాలి. వారికి ఏమీ తట్టకపోతే, మనకు వినిపించిన పోలిక వాద్యగోష్ఠిదో, కాలానికి తగిన శైలిదో అయి ఉంటుంది. శైలి పోలిక నిజమైన పోలికే, అయితే అది బాణీ పోలిక కాదు. ఈ రెండింటినీ కలిపేస్తే ఎంత గందరగోళం పుడుతుందో అమెరికాలో 'బ్లర్డ్ లైన్స్' పాట మీద నడిచిన వ్యాజ్యం చూపింది. అది అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1977 నాటి పాటను అనుకరించిందని 2015లో జ్యూరీ తేల్చగా, 2018లో అప్పీలు కోర్టు ఆ తీర్పును ప్రధానంగా సమర్థించింది. అయితే ఆ ధర్మాసనంలోని న్యాయమూర్తి జాక్వెలీన్ న్గుయెన్ విభేదించి, ఇది ఒక సంగీత శైలికే హక్కు కట్టబెట్టడం అవుతుందని రాశారు. నా మొగ్గు ఆమె వైపే. ఒక తరం మోతను మళ్లీ మోగించడం దొంగతనమైతే, ఏ తరంలోనూ ఎవరూ పాట కట్టలేరు.

వేషం తీశాక మిగిలేవి రెండు, లయ, స్వరం. వీటిని కలిపి వినడం మన అలవాటు. విడివిడిగా వినడం నేర్చుకోవాలి. ముందు లయను పట్టుకుని, బాణీలోని స్వరాల నిడివిని మాత్రమే చప్పట్లతో కొట్టి చూడండి. పాట తాళంతో పాటే (సమం) ఎత్తుకుందా, తాళానికి ముందా (అతీతం), తరువాతా (అనాగతం), ఏ అక్షరం మీద బరువు పడింది, ఎక్కడ ఆగింది అన్నవి గుర్తు పెట్టుకోండి. లయ ఎంత పని చేస్తుందో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది. శంకరాభరణం రాగం అవరోహణను, అంటే పై నుంచి కిందికి దిగే వరుసను, స ని ద ప మ గ రి స అని సమానమైన నిడివితో వాయిస్తే అది తొలి పాఠంలా ఉంటుంది. అవే ఎనిమిది స్వరాలను, అదే వరుసలో, కొన్నింటిని సాగదీసి, కొన్నింటిని కుదించి వాయిస్తే 'జాయ్ టు ద వరల్డ్' అనే ప్రసిద్ధ క్రిస్మస్ గీతం ఎత్తుగడ వచ్చేస్తుంది. ఒక్క స్వరం కూడా మారలేదు. కాబట్టి స్వరాలు కలిసి లయ కలవని చోట, లేదా లయ కలిసి స్వరాలు కలవని చోట, "ఒకటే బాణీ" అనే మాట వాడేముందు ఆగి ఆలోచించాలి.

తరువాత స్వరాలు రాయాలి. గళ్ల కాగితం మీద ఒక్కో గడిని ఒక్కో అక్షర కాలంగా, అంటే తాళంలో ఒక లెక్కగా, తీసుకుని, పై వరుసలో ఒక పాట, కింది వరుసలో మరో పాట రాసుకుంటే, ఏ స్వరం ఏ చోట పడిందో ఒక్క చూపులో కనిపిస్తుంది. సాగిన స్వరానికి గీత, విరామానికి ఖాళీ గడి, గమకానికి పైన ఒక చిన్న గుర్తు చాలు. స్వరజ్ఞానం లేనివారికి కూడా ఒక దారి ఉంది. డెనిస్ పార్సన్స్ అనే ఆయన 1975లో వెలువరించిన బాణీల సూచికలో స్వరాలే ఉండవు; ప్రతి స్వరమూ ముందు స్వరం కన్నా పైకి వెళ్లిందా, కిందికి దిగిందా, అక్కడే నిలిచిందా అన్నది మాత్రమే ఉంటుంది. 'ట్వింకిల్ ట్వింకిల్' వరుస స స ప ప ద ద ప, మ మ గ గ రి రి స; దీన్ని ఆ పద్ధతిలో రాస్తే మొదటి స్వరం తరువాత అదే, పైకి, అదే, పైకి, అదే, కిందికి, కిందికి, అదే, కిందికి, అదే, కిందికి, అదే, కిందికి అవుతుంది. ఇంత మోటు పద్ధతి దేన్నీ రుజువు చేయదు, కొట్టివేయడానికి మాత్రం బాగా పనికొస్తుంది. రెండు పాటల ఎత్తుపల్లాలే కలవకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. కలిస్తేనే స్వరాల దాకా వెళ్లాలి.

ఉమ్మడి సొత్తును తీసివేయడం

కాగితం మీద కలిసినవన్నీ సాక్ష్యం కావు. వాటిలో నుంచి అందరికీ చెందినదాన్ని తీసేయాలి. తొందరపడేవారు ఈ మెట్టునే దాటేస్తారు.

మొదటిది రాగం. మోహనంలో స్వరాలు ఐదు: స రి గ ప ద. హిందుస్తానీలో భూప్‌గా పిలిచే రాగానికీ ఇవే స్వరాలు, చైనా, స్కాట్లండ్ జానపదాల్లో లెక్కలేనన్ని పాటలకూ ఇవే స్వరాలు. ఐదు స్వరాలతో కట్టిన ఏ రెండు పాటలైనా ఎక్కడో ఒకచోట ఢీకొంటాయి. పైగా ప్రతి రాగానికీ దాన్ని గుర్తుపట్టించే సంచారాలు, అంటే స్వరాల నడకలు, ఉంటాయి. గ ప ద స అని పైషడ్జానికి (పై స్థాయి స దగ్గరికి) వెళ్లకుండా మోహనం పాడమంటే కష్టం. అలాంటి సంచారం రెండు పాటల్లో కనిపిస్తే అది రాగలక్షణం, వాగ్గేయకారుడి సొంత సొత్తు కాదు. ఆ సంచారాన్ని ఎక్కడ మొదలుపెట్టి, ఎంతసేపు సాగదీసి, దాని తరువాత ఏ సంచారాన్ని చేర్చి, సాహిత్యంలోని ఏ అక్షరం మీద ఆపారు అన్నదే సొంతం. కాబట్టి అదే రాగంలో తెలిసిన మరో నాలుగైదు పాటలు తీసుకుని వాటి స్వరాలతోనూ పోల్చి చూడాలి. వాటిలోనూ ఆ పోలిక కనిపిస్తే గడులలో నుంచి దాన్ని కొట్టివేయాలి.

రెండోది కార్డ్స్, అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి కలిపి మోగించే కూర్పులు. షడ్జం (స), పంచమం (ప), ధైవతం (ద), మధ్యమం (మ) మీద నిలిచే నాలుగు కార్డ్స్‌ను ఆ వరుసలో తిప్పుతూ కట్టిన పాటలు ప్రపంచమంతటా వందల్లో ఉన్నాయి. ఒక పాట పల్లవి మీద మరో పాట చరణం హాయిగా పాడుకోవచ్చు. అలా పాడుకోగలిగామన్నది వినోదమే గాని రుజువు కాదు. ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ 'థింకింగ్ అవుట్ లౌడ్' పాట 1973 నాటి మార్విన్ గే పాటకు అనుకరణ అని న్యూయార్కులో దావా వేసినప్పుడు వాదమంతా ప్రధానంగా కార్డ్స్ వరుస చుట్టూ తిరిగింది. షీరన్ గిటారు పట్టుకుని కోర్టులోనే వాయించి చూపగా, 2023 మే నెలలో జ్యూరీ ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

మూడోది చిన్నా చితకా పదబంధాలు. ఇదే గాయకుడి 'షేప్ ఆఫ్ యూ' మీద లండన్‌లో వచ్చిన వ్యాజ్యంలో వివాదమంతా ఒక చిన్న పునరుక్తి గురించి. మన పరిభాషలో చెప్పాలంటే అది శుద్ధ ధన్యాసి ఆరోహణలోని తొలి నాలుగు స్వరాలు, స గ మ ప. న్యాయమూర్తి జకారోలి 2022లో ఇచ్చిన తీర్పులో అది మరీ పొట్టి, మరీ మామూలు ప్రయోగమని, తెలిసి గానీ తెలియక గానీ అనుకరించలేదని తేల్చారు. ఇన్ని సెకన్ల లోపు ఉంటే ఫరవాలేదని, ఇన్ని స్వరాలు దాటితేనే కాపీ అని చాలామంది గట్టిగా చెబుతుంటారు. అలాంటి లెక్క చట్టాల్లో సాధారణంగా ఉండదు. పొడవు ఒక సూచన మాత్రమే. ఎంత అరుదైనది అన్నదే అసలు ప్రశ్న.

అక్కరలేని చిన్న వివరం

ఉమ్మడి సొత్తు పోగా గడుల్లో ఇంకా ఏమైనా మిగిలితే, అక్కడ భూతద్దం పెట్టి చూడాలి. పరీక్ష పేపర్లు దిద్దే ఉపాధ్యాయుడు ఇద్దరు పిల్లలు సరైన జవాబు రాశారని అనుమానించడు. ఇద్దరూ ఒకే చోట ఒకే తప్పు రాస్తే అనుమానిస్తాడు. పాటల్లోనూ అంతే. లేకపోయినా బాణీకి ఏ లోటూ రాని ఒక అనుస్వరమో (ప్రధాన స్వరాన్ని అంటుకుని తాకి పోయే చిన్న స్వరం), కారణం లేని ఒక విరామమో, వింతైన ఒక గెంతో రెండు పాటల్లో ఒకే చోట కనిపిస్తే, అది రాగం పుట్టించినది కాదు, తాళం పుట్టించినది కాదు. ఒక పాట నుంచి మరో పాటలోకి నడిచి వచ్చినదే అయి ఉంటుంది.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ 1970లో విడుదల చేసిన 'మై స్వీట్ లార్డ్'. అది షిఫాన్స్ బృందం పాడగా 1963లో మారుమోగిన 'హీజ్ సో ఫైన్'కు అనుకరణ అన్నది ఆరోపణ. న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ 1976లో ఇచ్చిన తీర్పు దాదాపు ఒక సంగీత పాఠమే. పాత పాటలో రెండు ముక్కలు ఉన్నాయని ఆయన విడదీశారు. మొదటిది ప గ రి. రెండోది ప ద స ద స. వీటిని కీబోర్డు మీద వాయించి చూడండి: రెండూ అచ్చంగా మోహనం స్వరాలే, ఏ ఒక్కటీ అరుదైనది కాదు. తీర్పు కూడా వాటిని విడిగా విశేషమైనవి అనలేదు. అయితే పాత పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు, వెంటనే రెండో ముక్క నాలుగుసార్లు వస్తుంది; కొత్త పాటలో మొదటిది నాలుగుసార్లు, రెండోది మూడుసార్లు వచ్చి, నాలుగో దాని చోట ఇంచుమించు అంతే నిడివి ఉన్న మరో పలుకుబడి వస్తుంది. అన్నిటికీ మించి, రెండో ముక్క రెండోసారి వచ్చేటప్పుడు రెండు పాటల్లోనూ ఒకే చోట ఒక చిన్న అనుస్వరం దూరి, ప ద స ద రి స అవుతుంది. ఆ ఒక్క రిషభం (రి) లేకపోయినా పాటకు వచ్చిన నష్టం ఏమీ లేదు. అందుకే అది అంత బరువైన సాక్ష్యం అయింది. హారిసన్ కావాలని చేయలేదని, ఎప్పుడో విన్న పాట ఆయనకు తెలియకుండానే మనసు లోపలి నుంచి పని చేసిందని న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు. అయినా అనుకరణ అనుకరణే అన్నారు.

పోలిక లేదనిపించిన చోట పోలిక దాగి ఉండడం దీనికి విరుద్ధమైన పరిస్థితి. ఆస్ట్రేలియాలో 1981 నాటి 'డౌన్ అండర్' పాటలోని వేణువు పలుకులో, 1930ల నాటి 'కూకబుర్రా' అనే పిల్లల పాట ముక్క ఉందని 2007లో ఒక టీవీ క్విజ్ కార్యక్రమం అడిగేదాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండూ ఆ దేశంలో అందరికీ కంఠతా వచ్చిన పాటలే. వెనుక మోగే కార్డ్స్, ఆధార స్వరం మారిపోవడం వల్ల అవే స్వరాలు వేరే రసంలో వినిపించాయి. గ్రహభేదం, అంటే మరో స్వరాన్ని షడ్జంగా మార్చుకోవడం, తెలిసినవారికి ఇది వింత కాదు. మోహనం స్వరాలనే రిషభాన్ని షడ్జం చేసుకుని వింటే మధ్యమావతి వినిపిస్తుంది. 2010లో అక్కడి ఫెడరల్ కోర్టు అనుకరణ జరిగిందని తేల్చి, రాయల్టీలో 5 శాతం ఇవ్వాలని చెప్పింది. కాబట్టి గడుల్లో స్వరాలను పోల్చేటప్పుడు రెండు పాటలనూ ఒకే షడ్జానికి తేవడంతో సరిపెట్టుకోకుండా, షడ్జాన్ని పక్కన పెట్టి స్వరానికీ స్వరానికీ మధ్య దూరాలను కూడా ఒకసారి రాసి చూడడం మంచిది.

మూడో పాట, తేదీలు

రెండు పాటల మధ్య గట్టి పోలిక తేలినా, ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని అప్పుడే అనుకోకూడదు. రెండింటికీ ముందున్న మూడో పాట కోసం వెతకాలి. 'ట్వింకిల్ ట్వింకిల్', అక్షరమాల పాట రెండింటిదీ ఒకే వరుస. వీటిలో ఏది దేనికి కాపీ అని అడిగితే జవాబు లేదు. ఆ వరుస ఫ్రాన్సులో 1761 నాటికే అచ్చయింది, మొజార్ట్ దాని మీద 12 రూపాంతరాలు రాశాడు, జేన్ టేలర్ రాసిన నక్షత్రం కవిత 1806లో గాని వెలువడలేదు. జానపదాలు, భజనలు, లాలిపాటలు, నాటకాల పద్యాల వరుసలు ఇలాంటి మూడో పాటలకు గనులు.

తేదీల్లో ఒక జాగ్రత్త అవసరం. విడుదల తేదీ, రికార్డింగు తేదీ, బాణీ కట్టిన తేదీ ఒకటి కావు. ముందు విడుదలైన పాట ముందు పుట్టిందనే హామీ లేదు. రెండో స్వరకర్తకు మొదటి పాట వినే అవకాశం ఉందా అన్నదీ చూడాలి. ఊరూవాడా మోగిన పాట అయితే ఆ ప్రశ్న అక్కర్లేదు; ఎవరికీ దొరకని రికార్డింగు అయితే పోలిక ఎంత గట్టిగా ఉన్నా యాదృచ్ఛికం కావచ్చు.

యంత్రాల సాయం గురించి రెండు మాటలు చాలు. షజామ్ వంటి యాప్‌లు ఒక రికార్డింగు ధ్వనిముద్రను గుర్తుపడతాయి, బాణీని కాదు. అదే బాణీని మరొకరు మరో వాద్యం మీద వాయిస్తే వాటికి తెలియకపోవచ్చు. మూడో పాటను వెతకడానికి గూగుల్‌లో 2020 నుంచి ఉన్న కూనిరాగం శోధన కొంత మేలు. గొంతునూ వాద్యాలనూ విడదీసే సాఫ్ట్‌వేర్ స్వరాలు రాసుకునేటప్పుడు ఉపయోగపడుతుంది.

తేల్చినదాన్ని చెప్పే తీరు

"కాపీ" అన్న ఒక్క మాటతో అన్నిటినీ కొట్టడం వల్లే ఈ చర్చలు తగాదాలవుతాయి. చెప్పేముందు పాట వివరాల్లో స్వరకర్తగా ఎవరి పేరు ఉందో చూడాలి. అనుమతి తీసుకుని, పేరు వేసి వాడుకున్న బాణీని దొంగిలించారని అనడం అన్యాయం. బహిరంగంగా పాత వరుసను తీసుకుని కొత్త సాహిత్యం రాయడం గౌరవప్రదమైన సంప్రదాయమే. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య వరుసలకు నొట్టుస్వర సాహిత్యాలు రాశారు. వాటిలో 'సంతతం పాహిమాం' వరుస బ్రిటిష్ రాజగీతానిదే. ఒకే సంగీత దర్శకుడు తన బాణీని తానే మరో చోట వాడుకోవడం ఉంది. అసలు తన చేతి ముద్ర తన పాటలన్నిటిలో కనిపించడమూ ఉంది. అమెరికన్ రాక్ గాయకుడు జాన్ ఫోగర్టీ తన పాత పాటనే అనుకరించాడని, దాని హక్కులున్న సంస్థ ఆయన మీదే దావా వేసింది. 1988లో జ్యూరీ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. తన గొంతులా వినిపించినందుకు ఒక మనిషి కోర్టు మెట్లెక్కవలసి రావడం కన్నా విడ్డూరం ఈ విషయంలో నాకు మరొకటి తెలియదు.

కాబట్టి రాసేటప్పుడు గాని మాట్లాడేటప్పుడు గాని వాక్యం ఇలా ఉండాలి: "ఈ రెండు పాటల చరణం మొదటి రెండు ఆవర్తాల్లో (తాళం చుట్లలో) స్వరాలూ లయా కలుస్తున్నాయి, ఇదే రాగంలో నేను పోల్చిన మరో నాలుగు పాటల్లో ఇది లేదు, మొదటిది ఫలానా సంవత్సరంలో విడుదలైంది." ఇది ఎవరైనా సరిచూసుకోగల వాక్యం. స్వరకర్త మనసులో ఏముందో చెప్పే వాక్యం అలాంటిది కాదు.

పోలిక మీ సొంత బాణీలోనే కనిపిస్తే పని మరో రకంగా ఉంటుంది. 'యెస్టర్డే' వరుస నిద్రలో తట్టిందని, అది ఎవరి పాటో అయి ఉంటుందన్న అనుమానంతో కొన్ని వారాల పాటు కనిపించిన వారందరికీ వినిపించి అడిగానని బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ చెప్పుకున్నాడు. ఆ పద్ధతినే పాటించవచ్చు, కానీ అడిగేటప్పుడు "ఇది ఫలానా పాటలా ఉందా" అని పేరు అందించకూడదు. "ఇది వింటే ఏ పాట గుర్తొస్తోంది" అనాలి. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే పాట పేరు చెబితే, పైన చెప్పిన గడుల పని మొదలుపెట్టి, కలిసిన చోట ఎత్తుగడనో, ఆ అక్కరలేని చిన్న వివరాన్నో మార్చాలి. మార్చితే పాట చచ్చిపోతుందనిపిస్తే విడుదలకు ముందే అనుమతి అడగాలి. విడుదల తరువాత పోలిక బయటపడినా పోట్లాటే గతి కాదు. 'స్టే విత్ మీ' పాట విషయంలో గాయకుడు సామ్ స్మిత్ బృందం, పోలిక ఉన్న పాత పాట కట్టిన టామ్ పెట్టీ, జెఫ్ లిన్‌లకు స్వరకర్తలుగా పేరు, వాటా ఇచ్చి కోర్టు దాకా వెళ్లకుండానే ముగించుకుంది. ఇక బాణీ కడుతున్నప్పటి కూనిరాగాలను, కొట్టివేసిన వరుసలతో సహా, తేదీ పడేలా ఫోనులో రికార్డు చేసి దాచుకోవడం అలవాటు చేసుకోండి. లండన్ వ్యాజ్యం ముగిశాక షీరన్ తాను పాట కట్టే ప్రతి సమావేశాన్నీ వీడియో తీయిస్తున్నానని చెప్పింది ఇందుకే.